పడుకునే ముందు చివరి గుక్క

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు పెద్దలు. ఆకలిగొన్నవానికి గంజి కూడా అమృతమే. నిద్ర ముంచుకొచ్చినవానికి కటిక నేల కూడా పట్టుపరుపే. నేడు నా వద్దకు వచ్చేవారిలో చాలామంది స్థితి ఇందుకు తలక్రిందులుగా ఉన్నది. ఆకలి లేకున్నా రుచి కోసం తింటున్నారు. పరుపు మెత్తగా ఉన్నా నిద్ర పట్టదంటున్నారు. ఒకరు పంటిపోటుతో వస్తారు, మరొకరు నిద్రలేమితో వస్తారు. ఇద్దరినీ నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "రాత్రి పడుకునే ముందు చివరగా నోట పడినది ఏమిటి?"

ఈ ప్రశ్న విలువ నాకు తెలిసివచ్చినది నా ఇంట జరిగిన పొరపాటు వలన. అది చెప్పుకొనుటకు నేను సిగ్గుపడను.

కొన్నేళ్ళ క్రితం మా మనుమరాలికి ఏడాదిన్నర వయస్సు. రాత్రిళ్ళు పదే పదే లేచి ఏడ్చేది. "మామయ్యగారూ, ఏం చేయమంటారు?" అని కోడలు అడిగింది. గోరువెచ్చని పాలలో పటికబెల్లం పొడి కలిపి పట్టమన్నాను. పాప పాలసీసా నోట పెట్టుకునే నిద్రపోయేది. ఇల్లంతా ప్రశాంతం. నా వైద్యం ఫలించిందని లోలోపల గర్వపడ్డాను కూడా.

రెండేళ్ళు నిండిన కొద్ది నెలలకు పై వరుస ముందుపళ్ళపై, చిగురును ఆనుకొని తెల్లని చారలు కనిపించాయి. తరువాత అవే గోధుమరంగుకు తిరిగాయి. "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అన్నవాడినీ నేనే. ఒక రాత్రి పంటిపోటుతో ఆ పసిది తెల్లవార్లూ ఏడ్చింది. నిద్రకని నేనిచ్చిన మందే నిద్రను దూరం చేసింది. రాత్రంతా తీపిపాలు పళ్ళ చుట్టూ నిలిచి ఉండడమే కారణమని దంతవైద్యురాలు చెప్పారు. రెండు పళ్ళను పూడ్చారు, రెండింటిని తీసివేయవలసి వచ్చింది. కోడలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనమే నాకు పాఠమయింది.

నిద్రలో పంటికి జరిగేది

సుశ్రుతుడు దంతరోగాలలో "కృమిదంతం" అనే వ్యాధిని పేర్కొన్నాడు. మనం పుప్పిపన్ను అంటున్నది అదే. పంటిలో కంటికి కనిపించే పురుగులేవీ ఉండవు. నోటిలోని సూక్ష్మక్రిములు చక్కెరను తిని ఆమ్లాన్ని పుట్టిస్తాయి. ఆ ఆమ్లం పంటిపై గల గట్టి పింగాణీ పొరను కరిగిస్తుంది. పగటివేళ లాలాజలం ఆ ఆమ్లాన్ని కడిగివేసి, పంటికి ఖనిజాలను తిరిగి అందిస్తుంది. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. కాపలావాడు లేని ఇంటికి దొంగ వచ్చినట్లే. పటికబెల్లమైనా, బెల్లమైనా, తేనె అయినా ఆ క్రిములకు చక్కెరే. ఔషధగుణం ఉన్నదన్న కారణంగా పంటి వద్ద మినహాయింపు లేదు.

అయితే శాస్త్రం తప్పు చెప్పినదా? లేదు. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనేవి శరీరానికి మూడు ఉపస్తంభాలన్నాడు చరకుడు. నిద్రపట్టనివారికి గేదెపాలు హితమన్నాడు. అదే చరకుడు దంతధావనం రెండు వేళలా చేయమన్నాడు. మా గురువుగారి ఇంట రాత్రి భోజనమైన తరువాత బావి వద్ద నోరు పుక్కిలించనిదే ఏ శిష్యుడూ చాప పరచుకొనరాదు. ఏళ్ళ తరబడి పాటించిన ఆ నియమాన్నే మందు చెప్పేటప్పుడు నేను మరిచాను.

సాయంత్రపు కాఫీ, రాత్రి భోజనం

ఇక పెద్దల సంగతి. కాఫీ, టీలలోని కెఫీన్ శరీరంలో సగానికి తగ్గుటకు సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు తాగిన కాఫీ ప్రభావం రాత్రి 11 గంటలకు కూడా కొంత మిగిలే ఉంటుంది. పడుకొనుటకు 6 గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ సైతం నిద్రను గంటకు పైగా తగ్గించినట్లు 2013లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులు తాగేవారికి ఎనిమిది చెంచాల చక్కెర చేరుతుంది. చేర్చిన చక్కెర, తేనె, పండ్లరసాలలోని తీపి అన్నీ కలిపి రోజుకు సుమారు 25 గ్రాములు, అనగా ఆరు చెంచాల లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. కోలా పానీయాలలో చక్కెర, ఆమ్లం, కెఫీన్ మూడూ ఉన్నవి. పంటికి రెండు దెబ్బలు, నిద్రకు ఒకటి.

రాత్రి పొద్దుపోయాక వేపుళ్ళు, మసాలాలు కడుపునిండా తిని వెంటనే పడుకుంటే ఆమ్లపిత్తం ప్రకోపిస్తుంది. పుల్లని త్రేన్పులతో మెలకువ వస్తుంది. ఆ పులుపు నోటిదాకా వస్తూ ఉంటే పళ్ళ లోపలివైపు అరిగిపోతుంది.

ఇంట పాటించదగినవి

రాత్రి భోజనం నిద్రకు రెండు మూడు గంటల ముందే ముగించండి. మధ్యాహ్నం తరువాత కాఫీ మానండి. పాలు తాగే అలవాటున్నవారు చక్కెర లేకుండా, చిటికెడు యాలకుల పొడితో తాగండి. ఆ తరువాత పళ్ళు తోముకోండి. పిమ్మట నోట పడవలసినది మంచినీరు మాత్రమే. నిమ్మరసం వంటి పుల్లనివి తాగిన వెంటనే తోమకండి. నీటితో పుక్కిలించి, అరగంట ఆగండి.

చిగుళ్ళు వాచే పెద్దలు ఒక చెంచా త్రిఫలా చూర్ణాన్ని రెండు గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు మిగిలేవరకు మరిగించి, వడగట్టి, గోరువెచ్చగా పుక్కిలించవచ్చు. ఇది తోముకోవడానికి తోడే కాని బదులు కాదు. ఫ్లోరైడ్ గల పేస్టు వాడుటకు నాకు అభ్యంతరం లేదు. లవంగ నూనె పెద్దవారి పోటును కొంతసేపు అణచగలదే కాని, పుచ్చిన పంటిని ఏ కషాయమూ పూడ్చలేదు. దంతవైద్యుని వద్దకు వెళ్ళవలసినదే.

పసిపిల్లల తల్లులకు ఒక మాట. పాలసీసాతో బిడ్డను నిద్రపుచ్చకండి. ఏడాది దాటాక గ్లాసు అలవాటు చేయండి. సీసా వదలనివారికి పాలలో నీటిని రోజురోజుకూ పెంచుతూ చివరకు నీళ్ళే ఇవ్వండి. మా ఇంట అలాగే మాన్పించాము. ఏడాది నిండని శిశువుకు తేనె అసలే నాకించరాదు. పాలపంటిపై తెల్లని చార కనిపించిన రోజే చూపించండి, నాలా ఉపేక్షించకండి.

ఇప్పుడు మా మనుమరాలికి కొత్త పళ్ళు వచ్చినవి. రాత్రి నేను మంచమెక్కబోయే వేళకు వచ్చి, "తాతయ్యా, పుక్కిలించావా?" అని అడుగుతుంది. పుక్కిలించే పడుకుంటున్నాను.