గురువుగారికి జీతమిచ్చే శిష్యురాలు



పిల్లకు సంగీతం చెప్పించడానికి ఓ పంతులమ్మగారిని కుదుర్చుకుంటాం. నెలాఖరుకు డబ్బిచ్చేది మనమే అయినా, శ్రుతి తప్పితే ఆవిడ మందలిస్తారు, పిల్ల తల వంచుకుని వింటుంది. ఒక్కసారి తారుమారు చేసి చూడండి. జీతమిచ్చేదీ, రేపట్నుంచి రావద్దని చెప్పేదీ ఆ పిల్లే అనుకోండి. అప్పుడావిడ "నీ శ్రుతి బాగాలేదమ్మా" అని ఎంత గట్టిగా అనగలరు?

పెద్ద టెన్నిస్ పోటీల్లో ఉన్నది సరిగ్గా ఈ ఏర్పాటే. క్రికెట్ జట్టుకు కోచ్‌ను బోర్డు నియమిస్తుంది. టెన్నిస్‌లో క్రీడాకారిణి తానే పెట్టుకుంటుంది. జీతం, విమానం ఛార్జీలు, హోటలు ఖర్చు, చాలాసార్లు గెలిచిన సొమ్ములో కొంత వాటా, అన్నీ ఆమె సంచిలోంచే. పైగా ఏడాదిలో ఎన్నో నెలలు ఊళ్ళు తిరుగుతూ, రోజూ ఒకరి మొహం ఒకరు చూస్తూ గడపాలి. ఓడిపోతే తనను తాను తీసేసుకోలేదు కదా, కోచ్‌నే మారుస్తుంది. 2013లో మరియా షరపోవా, జిమ్మీ కానర్స్‌ల జోడీ అయితే ఒకే ఒక్క మ్యాచ్‌తో సరి!

గెలిచినా విడిపోతారండీ. 2021 సెప్టెంబరులో ఎమ్మా రదుకాను అనే 18 ఏళ్ళ బ్రిటిష్ అమ్మాయి అర్హత పోటీలనుంచి మొదలుపెట్టి, 10 మ్యాచ్‌లు ఒక్క సెట్టూ పోకుండా ఆడి యు.ఎస్. ఓపెన్ గెలిచింది. బహుమతి 25 లక్షల డాలర్లు. వెంట ఉన్న ఆండ్రూ రిచర్డ్‌సన్ ఆమెను చిన్నతనంనుంచీ ఎరిగినాయన. ఆయనతో ఒప్పందం ఆ పోటీ వరకే. నెల తిరక్కుండా, ఇంకా అనుభవమున్నవారు కావాలంది. తర్వాత వచ్చిన టార్బెన్ బెల్ట్స్ అయిదారు నెలలున్నారు. 2025లో ఒకాయన రెండు వారాలే.

నిలకడలేని పిల్ల అని మనకూ అనిపిస్తుంది. కానీ, తాను ప్రశ్నలు ఎక్కువగా అడుగుతాననీ, కొందరు వాటికి జవాబు చెప్పలేకపోయారనీ ఆమే 2023లో చెప్పింది. నన్నడిగితే, ప్రశ్నలడగడం తప్పు కాదు. జవాబు పండేదాకా ఆగకపోవడమే చిక్కు. మన హైదరాబాదు సానియా మీర్జాకు తండ్రి ఇమ్రాన్ మీర్జాగారే కోచ్‌గా ఉండేవారు. నాన్నకు నోటీసు ఇవ్వడం అంత సులువా, చెప్పండి?

ఇక జపాను అమ్మాయి నవోమీ ఒసాకా సంగతి వేరు. సాషా బాజిన్ శిక్షణలో 2018 యు.ఎస్. ఓపెన్, 2019 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. రెండు వారాలకే ఆయనతో తెగతెంపులు! డబ్బు దగ్గరే చెడిందని అందరూ అనుకుంటే, అది కాదంది. ఒక మనిషిని ఉంచుకోవడంకోసం తన సంతోషాన్ని వదులుకోలేనంది. గెలుపులు ఇంట్లోకి వస్తూ ఉండగా ఈ మాట అనడానికి ఎంత గుండె కావాలో!

ఆ ఫిబ్రవరిలోనే దుబాయ్‌లో మొదటి మ్యాచ్‌లోనే ఒసాకా ఓడిపోయింది. ఓడించినామె ఫ్రాన్సుకు చెందిన క్రిస్టినా మ్లాదెనోవిచ్. ఏప్రిల్ నాటికి బాజిన్‌గారు ఈ మ్లాదెనోవిచ్ దగ్గరే కోచ్‌గా చేరారు. ఆ ఏడాది తిరక్కుండా అక్కడా మానేశారు.