మస్టరు ఎక్కని పనికి కూలి ఎట్లా?
పుస్తకం రాయడం యజమాని బాధ్యత – లెక్క అడగడం కూలీ హక్కు

గూడూరు: తెల్లవారి పనిలోకి దిగి పొద్దుగూకాక ఇల్లు చేరే కూలీకి తన కష్టం ఎంతో తెలుసు. ఆ కష్టానికి సాక్ష్యం ఏదంటే మాత్రం చాలామందికి మేస్త్రీ నోటి మాటే దిక్కు. వారం చివర ఆరు రోజులు చేశానని కూలీ, అయిదే చేశావని మేస్త్రీ అంటే ఆ పంచాయితీ తెగేది కాదు. ఇలాంటి తగవు రాకుండా చూసేది హాజరు పట్టీ. వాడుకలో దాన్నే మస్టరు అంటారు.

గూడూరు చుట్టుపక్కల కూలి పనులు రకరకాలు. సైదాపురం వైపు మైకా గనులు, చిల్లకూరు, కోట మండలాల్లో సిలికా ఇసుక, సముద్రం ఒడ్డున రొయ్యల గుంటలు, పట్టణంలో నిమ్మకాయల మార్కెట్టు ఉన్నాయి. ఒకచోట రోజు కూలి, ఒకచోట నెల జీతం, మరోచోట బస్తాల లెక్క. పని ఏదైనా, ఎవరు ఎన్ని రోజులు, ఎన్ని గంటలు చేశారు, ఎంత ముట్టింది అన్నది రాసిపెట్టాల్సిన బాధ్యత చేయించుకున్నవారిదే.

గనిలో పేరే ప్రాణం

పుస్తకం విలువ మైకా గనుల్లో పనిచేసిన పాతతరం వారికి బాగా తెలుసు. 1952 నాటి గనుల చట్టం ఈ విషయంలో గట్టిగా ఉండేది. పేరు, వివరాలు రిజిస్టరులోకి ఎక్కకముందు ఏ మనిషినీ పనిలో పెట్టరాదని అందులో రాశారు. రిజిస్టరులో చూపిన వేళల్లో తప్ప పని చేయించరాదన్నారు. భూమి లోపల పనిచేసేవారికి విడిగా ఒక రిజిస్టరు ఉండాలి. ఏ నిమిషాన చూసినా ఆ సమయంలో గని లోపల ఎవరెవరు ఉన్నారో అందులో పేరు పేరునా కనబడాలి.

దీని అవసరం చెప్పనక్కరలేదు. గని కూలినా, నీళ్లు కమ్మినా లోపల ఎంతమంది ఉన్నారన్నదే మొదటి ప్రశ్న. పుస్తకంలో పేరు లేని మనిషి కోసం వెదికేవారుండరు. నష్టపరిహారం అడగబోయే అతని భార్యాబిడ్డలకు ఆధారమూ ఉండదు.

ఆ చట్టం కింద భూమి లోపల రోజుకు 8 గంటలు, పైన 9 గంటలు, ఎక్కడైనా వారానికి 48 గంటలు మించి పని ఉండకూడదు. మించితే ఆ గంటలకు రెట్టింపు కూలి. గంటలు రాయకపోతే మించిందో లేదో తేల్చేదెవరు?

జబ్బుల సంగతీ అంతే. రాతి ధూళి, ఇసుక ధూళి ఏళ్ల తరబడి పీల్చినవారికి ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ జబ్బు వస్తుంది. పని మానేసిన చాలా ఏళ్లకు కూడా ఇది బయటపడవచ్చు. పనివల్ల వచ్చే జబ్బుగా చట్టం దీన్ని గుర్తించింది. కానీ పరిహారం కావాలంటే ఫలానా చోట ఇన్నేళ్లు పనిచేశానని రుజువు చూపాలి. గని మూతపడి, యజమాని ఊరు విడిచిపోయాక ఆ రుజువు ఎక్కడి నుంచి తేవాలి? పేరు రాసిన రిజిస్టరు, చేతికిచ్చిన చీటీ తప్ప వేరే దారి లేదు.

కొత్త చట్టం ఏమంటోంది?

1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో 2019లో పార్లమెంటు వేతనాల కోడ్ తెచ్చింది. అది 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం యజమాని పనివారి వివరాలు, హాజరు, కూలి లెక్క రిజిస్టరులో రాయాలి. కాగితం మీద రాసినా, కంప్యూటరులో ఎక్కించినా సరే. పనివారికి వేతన చీటీ ఇవ్వాలి.

చిన్న రైతుకు ఇందులో వెసులుబాటు ఉంది. వ్యవసాయానికి గానీ ఇంటి పనికి గానీ అయిదుగురికి మించకుండా పెట్టుకున్నవారికి రిజిస్టరు నిబంధన లేదు. అయినా అధికారి వచ్చి అడిగితే కూలి ఇచ్చినట్టు తగిన రుజువు చూపాలి. నిమ్మతోటలో నలుగురిని పెట్టి కాయలు కోయించే రైతుకు ఒక చిన్న నోటుపుస్తకం, అందులో సంతకాలు ఉంటే చాలు.

చెల్లింపుకు గడువులున్నాయి. రోజు కూలీకి ఆ రోజు పని ముగిసేసరికి, వారం కూలీకి వారాంతపు సెలవుకు ముందు చివరి పనిదినాన, నెల జీతగాడికి మరుసటి నెల ఏడో తేదీ లోపల ఇవ్వాలి. పనిలోంచి తీసేసినా, తానే మానుకున్నా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. అడ్వాన్సు, ఇతర కోతలు అన్నీ కలిపినా కూలిలో సగానికి మించకూడదు.

రెండు గంటలే గదా అంటే...

మామూలు పనివేళ మించి చేసిన గంటలకు రెట్టింపు కూలి అన్న నియమం కొత్త కోడ్‌లోనూ ఉంది. లెక్క కోసం చూద్దాం. ఎనిమిది గంటల పనికి 600 రూపాయలనుకుంటే గంటకు 75. అదనపు గంటకు 150. రోజూ రెండు గంటలు ఎక్కువ చేస్తే 300. నెలకు 26 రోజులకు 7,800 రూపాయలు. హాజరు పట్టీలో ఒక్క గీత గీసి, వచ్చిన వేళ, పోయిన వేళ రాయకపోతే ఈ సొమ్ము లెక్కలోకే రాదు. రాత్రింబగళ్లు గుంటల గట్టునే కాపలా ఉండేవారికి ఈ సంగతి మరీ ముఖ్యం.

అడ్వాన్సు లెక్క కూడా పుస్తకంలో ఉండాల్సిందే. ఎంత తీసుకున్నాడు, ఎంత తీరింది అన్నది రాయకపోతే అప్పు తరగనే తరగదు. అది వెట్టిచాకిరీకి దారి తీస్తుంది. 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఇది వెట్టి అప్పు అని కూలీ చెబితే, కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినవారే.

రుజువు భారం యజమానిదే

కొత్త కోడ్‌లోనూ ఇదే పద్ధతి పెట్టారు. కూలి ఇవ్వలేదనో, తక్కువ ఇచ్చారనో ఫిర్యాదు వస్తే, ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. పుస్తకం సరిగ్గా ఉంటే ఆయనకు భయం లేదు. లేకపోతే నిజంగా ఇచ్చిన కూలి సైతం ఇచ్చినట్టు చూపలేడు. రిజిస్టర్లు రాయకపోతే, సరిగ్గా పెట్టకపోతే పదివేల రూపాయల దాకా జరిమానా. కూలి తక్కువ ఇచ్చినట్టు తేలితే మొదటిసారి యాభైవేల దాకా జరిమానా. బకాయితో పాటు దానికి పదిరెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం విచారణాధికారికి ఉంది. ఫిర్యాదుకు మూడేళ్ల గడువు.

మేస్త్రీ డబ్బు తీసుకుని పోయాడు, మాకేం సంబంధం అని తప్పించుకునే వీలూ లేదు. కూలి ఇవ్వాల్సినవారు ఇవ్వకపోతే పని జరిగిన సంస్థ సొంతదారు బాధ్యుడవుతాడని కోడ్ చెబుతోంది. మామూలు పనుల ఫిర్యాదులు రాష్ట్ర కార్మిక శాఖకు, గనులవి కేంద్ర కార్మిక శాఖకు వెళతాయి. కార్మిక సంఘం ద్వారానూ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మస్టరు మన పల్లెలకు కొత్త కాదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలయ్యాక ఊరూరా ఆ మాట నానింది. సామాజిక తనిఖీల్లో మస్టర్లను జనం ముందు చదివి వినిపిస్తే, పనికి రానివారి పేర్లు, అందని కూళ్లు బయటపడ్డాయి. సర్కారు పనికి అడిగిన లెక్కను ప్రైవేటు పనికీ అడగడంలో తప్పు లేదు.

కూలీలు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. ఖాళీ కాగితం మీద గానీ, అంకె వేయని చోట గానీ సంతకం, వేలిముద్ర వేయరాదు. చదువు రాకపోతే బడికి పోయే పిల్లల చేత చదివించుకోవాలి. తేదీ, పనిచోటు, వచ్చిన వేళ, పోయిన వేళ, ముట్టిన సొమ్ము సొంతంగా ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. బ్యాంకులో, ఫోనులో పడిన కూలి వివరాలు చెరిపేయకూడదు. వేతన చీటీలను రేషన్ కార్డుతో పాటు భద్రంగా దాచుకోవాలి.