పరామర్శకు వచ్చిన దేవుడు

మా భీమవరంలో, మా వీధి చివర ఒక ముసలమ్మ వున్నది. భర్త ఏనాడో పోయాడు. చేపల లారీ మీద పనిచేసే ఒక్కగానొక్క కొడుకు మొన్న వేసవిలో రోడ్డు ప్రమాదానికి గురై పోయాడు. ఆమె ఆదివారం గుడి మానే మనిషి కాదు. పరామర్శకు వెళ్ళిన వాళ్ళం ఏం చెప్పాలో తోచక, "దేవుడికి అన్నీ తెలుసమ్మా" అన్నాం. ఆమె తల యెత్తి, "తెలిస్తే సరిపోద్దేంటి మేష్టారూ? ఆయనకీ కడుపు తరుక్కుపోవాలి గదండీ!" అన్నది.

ఇంటికి వచ్చినా ఆ మాట నన్ను వదలలేదు. ఒకరి కష్టం తెలియడం వేరు, దానికి కడుపు తరుక్కుపోవడం వేరు. క్రైస్తవ విశ్వాసానికి ఆయువుపట్టు ఈ తేడాలోనే వున్నదని నాకనిపిస్తుంది.

లూకా సువార్త ఏడవ అధ్యాయంలో నాయీను అనే వూరి కథ వుంది. అక్కడా తల్లి వితంతువే, కొడుకు ఒక్కడే. పాడె వూరి గుమ్మం దాటుతూ వుండగా ఏసు ఎదురుపడ్డాడు. ఆమె ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయనే ఆగి, మైల అనుకోకుండా పాడెను ముట్టుకున్నాడు. ఆయన 'కనికరపడ్డాడు' అంటుంది తెలుగు బైబిలు. మూలంలోని గ్రీకు మాట పేగులను తెలిపే పదం నుంచి పుట్టింది. హీబ్రూలో కరుణకూ, గర్భానికీ వాడే మాటలది ఒకే ధాతువు. మన 'కడుపుతీపి' కూడా ఆ కోవలోదే గదా! ఆ భాషల్లో ఒక్క అక్షరం రాని మా ముసలమ్మ వాటి లోతును ఒక్కమాటలో పట్టుకున్నది.

లాజరు కథ మరీ చిత్రం. అతన్ని లేపడానికే వెళుతున్నానని ఏసు శిష్యులతో ముందే చెప్పాడు. ఐనా ఆ అక్కచెల్లెళ్ళ దుఃఖం చూసి కన్నీరు పెట్టుకున్నాడు. జరగబోయేది తెలిసినవాడికి ఏడుపెందుకు? తనకు తెలిసినంత మాత్రాన ఎదుటివారి బాధ తేలికైపోదు గనుక.

తెలుగులో ఈ సంగతి తలచుకుంటే జాషువాగారు గుర్తుకు రాక తప్పదు. 1941 నాటి 'గబ్బిలం'లో, గుడిలోకి అడుగుపెట్టే హక్కు లేని నిరుపేద తన గోడు శివునికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. ఆ కవే తరువాత 'క్రీస్తు చరిత్ర' వ్రాశారు. 1964లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మొదటి కావ్యంలో మనిషి దుఃఖం కబురై పైకి పోవాలి. రెండవదానిలో, కబురు అందిన దేవుడే క్రిందికి దిగివస్తాడు. చావుకబురు విన్నాక ఉత్తరం వ్రాసి వూరుకుంటే మన వైపు మర్యాద కాదు. స్వయంగా గడప తొక్కాలి. క్రైస్తవులు నమ్మే దేవుడు అలా గడప తొక్కినవాడు.

నిజమే, నాయీనులో కొడుకు లేచాడు, భీమవరంలో లేవలేదు. ఎందుకంటే నేను చెప్పలేను. సిలువ మీద ఏసు కూడా 'ఎందుకు' అనే అడిగాడు.

నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. చర్చి ఆడవాళ్ళిద్దరు ఆమె ప్రక్కన కూర్చుని బియ్యం ఏరుతున్నారు. ఎవరూ మాట్లాడడం లేదు. ఈసారి నేనూ "దేవుడికి తెలుసు" అనలేదు. అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చాను.