శిలావలయములు: శ్మశానములా, కాలసూచికలా?

బల్మూరు మొదలు కృష్ణాతీరము వరకు వ్యాపించిన పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా యందు బృహచ్ఛిలాయుగపు అవశేషములు పెక్కు కలవు. తెలంగాణమున పెద్దగుండ్లను వలయముగా పేర్చిన తావులను జనులు రాక్షసగుళ్లందురు. అవి నిజముగా గుళ్లా, సమాధులా, మరియొక క్రతువు జరిగిన స్థలములా?

ఇట్టి వలయములను త్రవ్విన పలుచోట్ల నడిమి గోతిలోనో రాతిపెట్టెలోనో ఎముకలు, నలుపు-ఎరుపు మట్టిపాత్రలు, ఇనుప పనిముట్లు లభించినవి. కావున పితృకర్మతోడి సంబంధము స్పష్టము.

ఇచ్చట శతపథబ్రాహ్మణము స్మరింపదగినది. దాని పదమూడవ కాండమున శ్మశాననిర్మాణవిధి కలదు. దైవప్రజలు చతురస్రముగను, ఆసురులు, ప్రాచ్యులు మున్నగువారు వర్తులముగను శ్మశానములు చేయుదురని అందు చెప్పబడినది. చుట్టును లెక్కింపని పరిశ్రిత్తులను, అనగా ఆవరణశిలలను నిలుపవలెనని విధి. ఇంతమాత్రమున మన వలయములను ఆసురులకు ముడిపెట్టరాదు. ఆ గ్రంథము దక్షిణాపథమును గూర్చి చెప్పుట లేదు. వర్తులశ్మశానము ప్రాచీనులెరిగినదే యని మాత్రము తేలుచున్నది.

ఇక రెండవ పక్షము. నారాయణపేట జిల్లా కృష్ణ మండలములోని ముడుమాల గ్రామమున పది అడుగులకు మించిన నిలువురాళ్లు కలవు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావుగారు వానిని పరిశోధించి, రాళ్ల వరుసలు అయన విషువ దినములందలి సూర్యోదయాస్తమయములతో పొసగుచున్నవనియు, ఒక రాతిపై గల గుంటలు సప్తర్షిమండలమును చూపుచున్నవనియు ప్రతిపాదించిరి. 2025లో ఈ స్థలము యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినది.

శ్మశానమైనచో కాలసూచిక కాదనుట, కాలసూచికయైనచో శ్మశానము కాదనుట యుక్తము కాదు. పైని చెప్పిన బ్రాహ్మణమే శ్మశాననిర్మాణమునకు బేసి సంవత్సరమును, ఏకనక్షత్రమును, అమావాస్యను, శరదృతువును విధించినది. నేటికిని మన పితృకర్మ తిథిని విడిచి జరుగదు. మృతులను తలచువాడు ఆకాశమును చూడక తప్పదు. ముడుమాల వారును అట్లే చేసిరని రుజువు లేదు గాని, రెండు ప్రయోజనములు ఒక్కచోట ఇముడుటలో విరోధము లేదు.

ఈ నిర్ణయమునకు ఆధారము రాళ్లు కాదు, రాళ్లున్న చోట్లు. పొలము చదునుకై ఒక గుండును ప్రక్కకు దొర్లించినచో రాయి మిగులును, అర్థము పోవును. వాక్యమున పదము స్థానము తప్పినచో అన్వయము చెడునట్లే ఇదియును. రాక్షసగుడి కంటబడినవారు దానిని కదల్పకుండుటయే మొదటి పరిశోధనము.