గాలివాన వెలిశాక చెట్టును నరకాలా, నిలబెట్టాలా?

నల్లమల కొండల పడమటి అంచున, నంద్యాలకు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న మహానంది క్షేత్రం మండువేసవిలోనూ ఇంకని ఊటనీటి కోనేళ్లకు ఎంత పేరు పొందిందో, ఆ నీరు పారే పొలాల్లోని అరటి తోటలకూ అంత పేరు పొందింది. అయితే ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వేళ ఉన్నట్టుండి లేచే ఈదురు గాలులు, గెలలు బరువెక్కిన ఆ తోటలను తరచుగా నేలకూలుస్తుంటాయి. అదే గాలికి రచ్చబండ మీది వేప, రోడ్డు పక్కన చింత, పెరటిలోని మామిడి కూడా కొమ్మలు విరిగో, వేళ్లతో సహా పెకలిపోయో దెబ్బతింటాయి. మరునాడు పొద్దున్నే గొడ్డళ్లు, రంపాలు బయటికి వస్తాయి, దారికీ కరెంటు తీగలకూ అడ్డం పడినవాటితో పాటు ఇంకా బతకగలిగిన చెట్లు కూడా ఆ ఊపులో నేలమట్టమవుతాయి. ఏ మొక్క తన ప్రాణాన్ని ఏ భాగంలో నిలుపుకొంటుందో గుర్తించి, ఏది నరకాలో, ఏది నిలబెట్టాలో, ఏది కదపకుండా వదిలేయాలో తేల్చుకోగలిగితే గాలి చేసిన నష్టంలో కొంతైనా వెనక్కి వస్తుందని, ఆ విచక్షణ లేని శుభ్రత గాలికి మించిన నష్టం తెస్తుందని చెట్ల సంరక్షణ శాస్త్రం చెబుతుంది.

గాలి పడగొట్టే తీరు

వేసవిలో బాగా కాగిన నేల నుంచి పైకి లేచిన వేడిగాలి తేమతో కలిసి నిలువుగా ఎత్తుకు పెరిగే క్యుములోనింబస్ మేఘాలను కడుతుంది. ఆ మేఘంలో వాన మొదలైనప్పుడు చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దిగి, నేలను తాకి నలువైపులా విరజిమ్ముకుపోతుంది. రాయలసీమలో ముంగారు వానలకు ముందు వచ్చే ఈదురు గాలులు ఎక్కువగా ఈ తరహావే కాబట్టి అవి కొద్ది నిమిషాలే వీచినా, ఒక ఊరిని వదిలి పక్క ఊరి తోటలను పడగొట్టినా ఆశ్చర్యం లేదు. గాలి ఒత్తిడి దాని వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందువల్ల రోజువారీ గాలికి చలించని చెట్టు కూడా ఒక్క విసురుకు ఒరిగిపోగలదు.

చెట్టు కూలడంలో గాలికి ఎంత పాత్ర ఉందో నేలకూ అంత పాత్ర ఉంది. చాలా చెట్ల వేళ్లలో అధిక భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే పరుచుకొని ఉంటుంది, ఆ మట్టి వానకు నాని పట్టు సడలిన వేళ గాలి తోడైతే చెట్టు మొదలంటా పెకలిపోతుంది. 2024 ఆగస్టు 31న తెలంగాణలోని ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవుల్లో తక్కువ సమయంలోనే వేలాది చెట్లు కూలినప్పుడు, పైనేల పలుచగా ఉండి వేళ్లు లోతుకు దిగకపోవడం కూడా ఒక కారణమని అధికారులు వివరించారు. ఊళ్లలో ఇదే పరిస్థితి మనుషుల వల్ల ఏర్పడుతుంది. పైపుల కోసం కాలువలు తవ్వి ఒక వైపు వేళ్లను తెగ్గొట్టడం, మొదలు చుట్టూ సిమెంటు పోసి వేళ్లకు గాలి, నీరు అందకుండా చేయడం వంటి పనులు చెట్టును చాలా ముందుగానే బలహీనపరుస్తాయి.

అరటి ప్రాణం దుంపలో

అరటిని వాడుకలో చెట్టు అంటున్నా, శాస్త్రరీత్యా అది చేవ కట్టని పెద్ద గుల్మం. పైకి కాండంలా కనిపించే బోదె ఒకదానిమీద ఒకటి చుట్టుకున్న ఆకు పట్టల కట్ట మాత్రమే. అసలు కాండం భూమిలోని దుంప. మొక్క లేతగా ఉన్నంతకాలం పెరుగుదల మొన దుంపకు దగ్గరగా కిందనే ఉంటుంది కాబట్టి పైన విరిగిన లేత మొక్క మళ్లీ ఆకు తొడగగలదు. పూత దశకు వచ్చేసరికి అదే మొన పూగుత్తిగా మారి, బోదె మధ్య దూటగా పైకి పెరిగి గెలగా బయటపడుతుంది; అటుపైన కొత్త ఆకు పుట్టదు. అందుకే గెల వేసిన బోదె నడిమికి విరిగితే ఆ మొక్కకు ఆ పంట ముగిసినట్టే అయినా, నేలలోని దుంప చావదు, దాని పక్క కళ్ల నుంచి వచ్చే పిలకలు తర్వాతి పంటను నిలబెడతాయి.

పైభాగాన గెల బరువు, కింద పైపైనే పాకిన మెత్తని వేళ్లు, మధ్యలో నీటితో నిండిన బోదె ఉన్న ఈ మొక్కకు గంటకు 80 కిలోమీటర్లు దాటిన గాలిని తట్టుకోవడం కష్టం. అంతకన్నా తక్కువ వేగంలో ఆకులు ఈనెల వెంబడి పీలికలుగా చీలిపోతాయి. చూడటానికి తోట చెడినట్టు కనిపించినా చీలిన ఆకు చాలావరకు పని చేస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని కోసేయడం పొరపాటు. గెల సరిగా నిండాలంటే పూత సమయానికి మొక్కకు కనీసం ఎనిమిది మంచి ఆకులైనా ఉండాలని ఉద్యాన శాస్త్రవేత్తలు చెబుతారు, ఆ లెక్కన పీలికలైన ఆకు కూడా రైతుకు ఆస్తే.

గాలి తర్వాత తోటలో మొదటి పని మొక్కలను మూడు తరగతులుగా విడదీయడం. కేవలం ఒరిగిన లేత మొక్కలను ఒకటి రెండు రోజుల్లోనే, వేళ్లు ఎండిపోకముందే, నిలబెట్టి మొదట్లో మట్టి ఎగదోసి వెదురు ఊతం కట్టాలి. గెల ముదిరిన దశలో పడిపోయినవాటి గెలలను వెంటనే దించి అమ్ముకోవాలి, ఆలస్యమైతే ఎండకు కాయ తొక్క మాడిపోతుంది. గెల లేతగా ఉండగానే విరిగినవాటిని కింది దాకా నరికి, దుంప పక్కనున్న పిలకల్లో సన్నని, కోసుగా ఉండే ఆకులతో బలమైన మొదలున్న సూది పిలక ఒక్కదాన్ని ఉంచి, వెడల్పాకుల నీటి పిలకలను తీసేయాలి. నీటి పిలకకు తల్లి దుంపతో బలమైన సంబంధం ఉండదు, కాబట్టి దాని నుంచి వచ్చే గెల బలహీనంగా ఉంటుంది. నిలిచిన నీటిని కాలువలు తీసి బయటికి పంపిన తర్వాతే ఎరువు వేయడం మంచిది, ఊపిరాడని వేరు ఎరువును అందుకోలేదు. ఆ మధ్యకాలంలో లీటరు నీటికి 5 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే మొక్క తేరుకోవడానికి తోడ్పడుతుంది.

తోటలో మిగిలిపోయిన బోదెలను అలాగే వదిలేయకూడదు. బోదెను తొలిచే ముక్కుపురుగు కుళ్లుతున్న బోదెల్లో కూడా గుడ్లు పెట్టి పెరిగి, తర్వాత నిలబడిన మొక్కలపైకి వస్తుంది. అందుచేత పడిన బోదెలను ముక్కలుగా నరికి నిలువునా చీల్చి ఎండనివ్వాలి. తొంభై శాతానికి పైగా నీరే ఉన్న బోదె తగలబెట్టడానికి పనికిరాదు గానీ, ముక్కలు చేస్తే మొక్కల మధ్య ఆచ్ఛాదనగా, వర్మికంపోస్టుగా ఉపయోగపడుతుంది, పట్టల నుంచి నార కూడా తీయవచ్చు. అయితే వెర్రితల తెగులు వంటి వైరస్ వ్యాధి సోకిన మొక్కల విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. వాటిని దుంపతో సహా తవ్వి నాశనం చేయాలి.

ఈ శుభ్రతకు ముందే జరగవలసిన పని మరొకటి ఉంది. ప్రకృతి విపత్తుల సహాయానికి కేంద్రం 2015లో సవరించిన నిబంధనల ప్రకారం 33 శాతం లేదా అంతకు మించిన పంట నష్టం ఉండాలి, ఆ నష్టాన్ని అధికారులు పొలంలో చూసి నమోదు చేయాలి. పడిన తోటను ఫొటోలు తీసి, రైతు సేవా కేంద్రానికి, ఉద్యాన శాఖకు తెలియజేసిన తర్వాత నరకడం మొదలుపెడితే రైతుకు ఆధారం మిగులుతుంది.

చేవ కట్టిన చెట్ల వైద్యం

మామిడి, వేప, చింత వంటి చెట్ల ప్రాణం దుంపలో కాక బెరడు కింద ఉండే పలుచని జీవకణాల పొరలో, కొమ్మల మీది లెక్కలేనన్ని మొగ్గల్లో ఉంటుంది. అందుకే ఒక పెద్ద కొమ్మ పోయినా చెట్టు కొత్త చిగుళ్లతో కోలుకోగలదు. దీనికి పూర్తి విరుద్ధం కొబ్బరి, తాటి చెట్లు. వాటికి తలభాగంలో ఒకే పెరుగుదల మొన ఉంటుంది కాబట్టి మొవ్వు విరిగితే మానును కాపాడే ప్రయత్నం వృథా, మొవ్వు నిలిచి మట్టలు మాత్రమే విరిగితే చెట్టును ముట్టుకోవలసిన పని లేదు. చేవ కట్టిన చెట్టులో తలభాగం సగానికి పైగా పోయినా, మాను నిలువునా చీలినా, వేళ్ల వైపు నేల ఉబికి చెట్టు ఒరిగినా దాన్ని నిలబెట్టడం ప్రమాదం. పడిన చిన్న చెట్టును తడి మట్టిలో తిరిగి నిలిపి ఊతకర్రలు కట్టి బతికించవచ్చు గానీ, పెద్ద చెట్టును క్రేనుతో లేపినా తెగిన వేళ్లు మునుపటి పట్టు ఇవ్వవు.

విరిగిన కొమ్మను తీయడంలో వృత్తి నిపుణులు మూడు కోతల పద్ధతిని పాటిస్తారు. మానుకు ఒక అడుగు దూరంలో కొమ్మ అడుగు భాగాన సగం లోతు వరకు మొదటి కోత, దానికి కొంచెం బయటగా పైనుంచి రెండవ కోత వేస్తే బరువైన కొమ్మ బెరడును చీల్చుకుంటూ కిందికి జారకుండా తెగిపడుతుంది. మిగిలిన మొద్దును కొమ్మ మొదట్లో ఉబ్బుగా కనిపించే వలయానికి బయటివైపున మూడవ కోతతో తీసేస్తారు. ఆ వలయానికి అంత విలువ ఎందుకో అమెరికా అటవీ శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో 1970ల్లో వేలాది మానులను కోసి చూసి వివరించారు. మనిషి చర్మంలా చెట్టు గాయాన్ని మాన్పుకోదు. గాయం చుట్టూ రసాయనాలతో కూడిన అడ్డుగోడలు కట్టి కుళ్లును ఆ చోటికే పరిమితం చేస్తుంది, తర్వాత కొత్త కణజాలంతో పైనుంచి కప్పేస్తుంది. అడ్డుగోడ కట్టే శక్తి ఆ వలయంలో ఎక్కువ. దాన్ని నున్నగా కోసేస్తే కుళ్లు మానులోకి దిగుతుంది, మొద్దును పొడవుగా వదిలితే గాయం మూసుకోదు. రంగు, తారు పూసినంత మాత్రాన ఈ పని వేగవంతం కాదని కూడా ఆ పరిశోధనలు తేల్చాయి. వానాకాలంలో శిలీంద్రాల బెడద ఎక్కువగా ఉండే మామిడి తోటల్లో మాత్రం కిలో మైలుతుత్తం, కిలో సున్నం 10 లీటర్ల నీటిలో కలిపిన బోర్డో పేస్టును పెద్ద కోతలకు పూయడం ఇప్పటికీ వాడుకలో ఉంది.

జాగ్రత్తగా చూసుకుంటే ఎంత వయసు మళ్లిన చెట్టయినా నిలుస్తుందనడానికి మహబూబ్‌నగర్‌ దగ్గరి పిల్లలమర్రి ఉదాహరణ. శతాబ్దాల నాటి ఆ మర్రి కొమ్మ 2017లో విరిగిపడటంతో సందర్శకులను ఆపి, చెదలు తొలిచిన భాగాలకు సెలైన్ సీసాల ద్వారా మందు ఎక్కించి, బరువైన కొమ్మలకు సిమెంటు స్తంభాల ఊతం ఇచ్చారు.

ముందు మనుషుల భద్రత

కూలిన చెట్టు కింద లేదా దాని మీద కరెంటు తీగ ఉంటే ఎవరూ దగ్గరికి పోకూడదు. 1912 నంబరుకు ఫోన్ చేసి సరఫరా ఆపినట్టు ధ్రువపడిన తర్వాతే పని మొదలవ్వాలి. వంగి ఒత్తిడిలో ఉన్న మానును చైన్‌సా అనే రంపం మిషనుతో కోసేటప్పుడు, నొక్కుకుపోయిన వైపు చిన్న కోత వేసి, తర్వాత సాగిన వైపు కొద్దికొద్దిగా కోయాలి. లేకపోతే తెగిన మాను వింటిబద్దలా ఎగిరి కోసేవాడినే కొడుతుంది. హెల్మెట్, కళ్లద్దాలు, కాళ్లకు రక్షణ తొడుగు లేకుండా ఈ మిషను పట్టకూడదు.

చట్టపరంగానూ తేడా గమనించాలి. దారికి అడ్డం పడిన కొమ్మను తీయడం అత్యవసర పని. నిలబడి ఉన్న చెట్టును నరకడానికి మాత్రం 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాడుకలో వాల్టా, కింద అధికారుల అనుమతి అవసరం. మహానందికి ఆనుకొని ఉన్న రిజర్వు అడవిలో పడిన చెట్టు కలపను అనుమతి లేకుండా తరలించడం నేరం; అడవిలో పడి చివికే మాను ఎన్నో జీవులకు ఆవాసం కూడా.

గాలిని ఆపలేకపోయినా దాని తీవ్రతను తగ్గించవచ్చు. తోట చుట్టూ అవిశ, సరుగుడు వంటి చెట్ల వరుసను, పూర్తిగా గోడలా కాకుండా సగం గాలి వెళ్లేంత సందుతో పెంచితే అది తన ఎత్తుకు పది నుంచి ఇరవై రెట్ల దూరం వరకు గాలి వేగాన్ని తగ్గిస్తుంది; గోడలా మూసేస్తే గాలి పైనుంచి దాటి అవతల సుడి తిరుగుతుంది. ఊరి చెట్ల ఎండు కొమ్మలను మార్చిలోపే తీయించాలి, తల నరకడం మాత్రం మానాలి, ఎందుకంటే తల నరికిన చెట్టుకు మొలిచే కొత్త కొమ్మలు బలహీనంగా అతుక్కొని తర్వాతి గాలికే విరుగుతాయి.

ఈ పనులన్నిటికీ చేయి తిరిగిన మనుషులు కావాలి, అక్కడే అసలు చిక్కు ఉంది. చాలా ఊళ్లలో చెట్టు కొట్టే కూలీకి కలపే కూలి, అంటే ఎంత ఎక్కువ కొడితే అంత లాభం, కొమ్మను కాపాడితే దక్కేదేమీ లేదు. మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది, నంద్యాలలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, అటవీ శాఖ సిబ్బంది ఉన్నారు. వీరి చేత స్థానిక కూలీలకు శిక్షణ ఇప్పించి, పంచాయతీలు, దేవస్థానాలు కలపతో సంబంధం లేకుండా పనికి రోజు కూలి కట్టిస్తే, గాలి వెలిసిన మరునాడు రంపం పట్టినవాడికి చెట్టును వదిలేయడం కూడా గిట్టుబాటవుతుంది.