వలసపిట్ట వెళ్లిన తేదీ

మాఘమాసం సగానికి వచ్చేసరికి మా వాట్సాప్ గుంపులో సందడి పెరుగుతుంది. గిలకలదిండి హార్బరులో బోటు పనికి వెళ్లే కుర్రాడు ఒక ఫొటో పెడతాడు. కైకలూరు దారిలో చేపల చెరువుకు కాపలా ఉండే పెద్దాయన గొంతు రికార్డు చేసి పంపిస్తాడు. నాగాయలంక నుంచి మా మేనల్లుడు నాలుగు ముక్కలు రాస్తాడు: ఏ పిట్ట, ఎక్కడ, ఎన్ని, ఎన్ని గంటలకు. నేను గుడివాడ దగ్గర హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కాపురం బందరులో, పుట్టిల్లు దివిసీమలో. ఈ మూడు చోట్ల మధ్య తిరిగే బస్సుల్లోంచి, ఆటోల్లోంచి, గట్ల మీంచి నేను పిట్టల్ని చూస్తాను, రాసుకుంటాను, గుంపులో చెబుతాను.

ఇన్నేళ్లుగా ఒక సంగతి గమనించాను. వచ్చిన పిట్ట గురించి చెప్పేవాళ్లు చాలామంది. వెళ్లిపోయిన పిట్ట గురించి చెప్పేవాళ్లు తక్కువ. మాఘ ఫాల్గుణాల్లో మన డెల్టాలో చూడాల్సింది ఆ వెళ్లడాన్నే.

ఇక్కడికే ఎందుకొస్తాయి?

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. నది తెచ్చిన ఒండ్రు, సముద్రపు ఉప్పునీరు కలిసేచోట మడ అడవులు పెరిగాయి. సొర్లగొంది, నాచుగుంట, యెలిచెట్లదిబ్బ అడవులను కలిపి సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఉంది. పాటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గగానే మైళ్ల కొద్దీ బురద బయటపడుతుంది. ఆ బురదలో పురుగులు, చిన్న పీతలు, నత్తలు. పొడుగు ముక్కు పిట్టకు లోతున ఉన్న తిండి, పొట్టి ముక్కు పిట్టకు పైపైన ఉన్న తిండి దొరుకుతాయి. అందుకే ఒకే బురద మీద ఎన్నో జాతులు పక్కపక్కనే మేస్తాయి.

ఉత్తర ధ్రువం అంచు నుంచి హిందూ మహాసముద్రం దాకా ముప్ఫై దేశాల మీదుగా సాగే వలసదారిని మధ్య ఆసియా వలసమార్గం అంటారు. మన తీరం ఆ దారిలోదే. వానలు తగ్గేనాటి నుంచి వలసపిట్టలు దిగడం మొదలవుతుంది. వరికోతలు, మినుము, పెసర పంటలు అయ్యేదాకా ఉంటాయి. ఎండ ముదిరేసరికి ఎక్కువ భాగం ఉత్తరానికి తిరుగుముఖం పడతాయి. అక్కడ మంచు కరుగుతుంది, పురుగు పుడుతుంది, గుడ్లు పెట్టే కాలం వస్తుంది.

హార్బరులో మారే తలలు

వెళ్లే ముందు పిట్ట ఎలా తయారవుతుందో చూడాలంటే బందరు వాళ్లకు గిలకలదిండి చాలు. వేట నుంచి బోట్లు వచ్చే వేళకు గోధుమతల గల్‌లు వాటి చుట్టూ ముసురుతాయి. తెల్లటి ఒళ్లు, బూడిదరంగు రెక్కలు, రెక్క చివర నలుపు, ఆ నలుపులో తెల్లటి మచ్చ. ముక్కూ కాళ్లూ ఎరుపు. సంక్రాంతికి చూస్తే తల తెల్లగానే ఉంటుంది, కంటి వెనక ఒక్క నల్లమచ్చ తప్ప. శివరాత్రి దగ్గర పడేసరికి ఆ మచ్చ చుట్టూ గోధుమరంగు ఈకలు పొడుస్తాయి. ముందు చెంపలు, తర్వాత నెత్తి, తర్వాత గొంతు. పూర్తయ్యాక తలకు గోధుమరంగు తువ్వాలు చుట్టినట్టు ఉంటుంది. అంచున ఆ రంగు ఇంకా ముదిరి, మెడ వెనక మళ్లీ తెలుపు.

అన్ని పిట్టలకూ ఒక్కసారే మారదు. ఒకే బోటు వెనక తెల్లతల పిట్ట, మచ్చల తల పిట్ట, నిండు గోధుమతల పిట్ట కలిసి ఎగురుతూ కనిపిస్తాయి. హార్బరు కుర్రాడితో ఆ తేడా చెప్పాను. ఇప్పుడు అతను "టీచరుగారూ, పదింట్లో మూడింటికి తల నిండింది" అని లెక్కగా పంపిస్తున్నాడు. ఆ ఒక్క వాక్యం నాకు చాలా విలువైనది. ఈ గల్‌లు గుడ్లు పెట్టేది లద్దాఖ్, టిబెట్ ఎత్తైన మైదానాల్లో, చెరువుల ఒడ్డున. తల నిండిందంటే ప్రయాణం దగ్గరపడిందని అర్థం.

బురద మీద రంగులు

దివిసీమలో పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఈ మార్పు ఇంకా గట్టిగా కనిపిస్తుంది. మాఘ పౌర్ణమికి సాగరసంగమంలో మునగడానికి జనం వచ్చే చోటే, కాస్త దూరంగా బురద అంచున, చిన్న చిన్న పిట్టలు పరుగులు తీస్తుంటాయి. చలికాలంలో దాదాపు అన్నీ మాసిన రంగువే. ఏది ఏదో చెప్పడం అలవాటైన కంటికి కూడా కష్టం. ఫాల్గుణం వచ్చేసరికి టిబెటన్ శాండ్ ప్లవర్ రొమ్ము ఇటుకరంగుకు తిరుగుతుంది. వంపు ముక్కు కర్ల్యూ శాండ్‌పైపర్ ఒళ్లంతా ఎర్రమట్టి రంగు కమ్ముకుంటుంది. పసిఫిక్ గోల్డెన్ ప్లవర్ పొట్ట మీద నల్లటి మరకలు లేచి, అవి కలిసి గొంతు దాకా నలుపైపోతాయి. వీపు మీద బంగారు చుక్కలు.

ఇందులో మొదటిది టిబెట్ వైపు పీఠభూములకు పోతుంది. మిగతా రెండూ సైబీరియా ఉత్తరపు అంచున గుడ్లు పెడతాయి. అంత దూరం ఎగరడానికి కొవ్వే ఇంధనం. వలసకు ముందు కొన్ని తీరపు జాతులు ఒంటి బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. గాడ్‌విట్ అనే తీరపు పిట్ట ఒకటి 2022 అక్టోబరులో అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు, 11 రోజులు ఎక్కడా దిగకుండా ఎగిరింది. దాని వీపుకు కట్టిన చిన్న ఉపగ్రహ పరికరం ఆ లెక్క చెప్పింది. మన బురద మీద ఫాల్గుణంలో ఆగకుండా మేస్తున్న పిట్ట కూడా ప్రయాణానికి తిండి కూడబెట్టుకుంటోంది. అలాంటప్పుడు దాన్ని తరమడం, ఫొటో కోసం పదేపదే లేపడం దాని నోటిదగ్గర కూడు తీసేయడమే.

తీరపు పిట్టలు ఎక్కువగా సాయంత్రమో రాత్రో బయలుదేరతాయి. ఈరోజు ఉన్నవి రేపు ఉండవు. కొత్త పిట్ట వచ్చిన రోజు కళ్లకు తెలుస్తుంది. వెళ్లిన రోజు అలా తెలియదు. నిన్నటిదే ఆఖరి చూపు అని ఇవాళ ఎవరికీ తెలియదు. వారం గడిచాక, పుస్తకం వెనక్కి తిప్పితే అప్పుడు తెలుస్తుంది. అంటే రోజూ రాసినవాళ్లకే వెళ్లిన తేదీ దొరుకుతుంది.

రాసినందువల్లే తెలిసింది

గుడివాడ నుంచి ముదినేపల్లి మీదుగా కైకలూరు వెళ్తే కొల్లేరు సరస్సు అంచున ఆటపాక పక్షుల కేంద్రం వస్తుంది. కొల్లేటి గూడబాతులు ఇప్పుడు అక్కడ నీళ్లలో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు కడతాయి. ఈ నెలల్లో వెళ్తే పెరిగిన పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తలదూర్చి చేప తినడం చూడొచ్చు.

కొల్లేటి ప్రాంతంలోని గూడబాతుల స్థావరం గురించి 1946లో బయటి లోకానికి చెప్పినవారు కె.కె. నీలకంఠన్. కేరళ నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు, మలయాళంలో పక్షుల మీద పుస్తకం రాసిన మనిషి. అప్పుడు అక్కడ మూడువేలకు దగ్గరగా గూడబాతులు గూళ్లు పెట్టుకుని ఉన్నాయి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం లేకుండా పోయింది. ఆ ఊళ్లవాళ్లు ఆ పిట్టల్ని తరాలుగా చూస్తూనే ఉండి ఉంటారు. కానీ ఒకరు ఎన్ని ఉన్నాయో రాసిపెట్టినందువల్లే ఎంత పోగొట్టుకున్నామో ఈనాడు మనం చెప్పగలుగుతున్నాం. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ చిత్తడినేలల జాబితాకెక్కింది. ఒక చెరువును కాపాడమని అడగాలంటే అందులో ఏమున్నదో చెప్పే కాగితం చేతిలో ఉండాలి.

దేశం మొత్తానికి ఇదే మాట. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక 942 జాతుల పరిస్థితి చెప్పింది. దానికి ఆధారం ముప్ఫై వేల మందికి పైగా మామూలు మనుషులు ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైట్‌లో రాసిన మూడు కోట్ల నమోదులు. తీరపు పిట్టలు, దూరదేశాల నుంచి వలస వచ్చే పిట్టలు బాగా తగ్గుతున్నాయని ఆ నివేదిక హెచ్చరించింది.

చెరువు గట్టు మీద

మా తమ్ముడికి కోడూరు వైపు రొయ్యల చెరువు ఉంది. "అక్కా, నువ్వు పిట్టలంటావు. నీటికాకులు దిగితే నా పెట్టుబడి దిగిపోతుంది" అంటాడు. వాడి మాటలో న్యాయం ఉంది. నీటికాకులు, కొంగలు చెరువులో దిగితే నష్టమే. ఒక చెరువులో చచ్చిన రొయ్యను కాకి ఇంకో చెరువులో పడేస్తే జబ్బు పాకుతుందని రైతులకు భయం. అందుకే చెరువుల మీద తీగలు, వలలు కడతారు. వాటిలో రెక్క చిక్కుకుని చచ్చే పిట్టలూ ఉన్నాయి.

పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టినప్పుడు సంగతి వేరు. అడుగున మిగిలిన బురద, చిన్న చేప, పురుగు మీదకు ఉల్లంకి పిట్టలు, నత్తగుల్ల కొంగలు, తెల్లకొంగలు వచ్చి వాలతాయి. అప్పుడు కాపాడుకోవాల్సిన రొయ్య అందులో లేదు. ఖాళీ చెరువు మీద తీగ ఉంటే పిట్ట చావడం తప్ప రైతుకు ఒరిగేది లేదు. ఈ మాట తమ్ముడితో అన్నాను. ఇప్పుడు పట్టుబడి కాగానే తీగలు చుట్టి పక్కన పెడుతున్నాడు. ఏ చెరువు ఎప్పుడు ఎండింది, ఏ పిట్టలు దిగాయి అని గుంపులో రాస్తే పక్క చెరువువాళ్లూ చూస్తారు. ఒకరిని చూసి ఒకరు మారతారని నా నమ్మకం.

మీరూ మొదలుపెట్టాలంటే

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టలను లెక్కపెడుతుంది. 1998లో అమెరికాలో మొదలైన ఈ గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో 2013 నుంచి మన దేశమూ పాల్గొంటోంది. ఒక చోట కనీసం పదిహేను నిమిషాలు నిలబడి, కనిపించిన, వినిపించిన పిట్టలన్నిటినీ లెక్కతో రాసి ఈబర్డ్‌లో పెట్టాలి. అంతే. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. బైనాక్యులర్స్ లేకపోయినా మొదలుపెట్టొచ్చు.

రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. అరుదైన పిట్టనే కాదు, కాకి, గోరింక, పిచ్చుకలనూ రాయండి. తగ్గిపోయేది ఏదో ముందుగా ఎవరికీ తెలియదు. రెండోది, గూళ్లు ఉన్న చోటు, ముఖ్యంగా మడ అడవిలోవి, అందరూ చూసే గుంపుల్లో పెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నా వేటాడేవాళ్లు పూర్తిగా పోలేదు.

మా బడి పిల్లలకు నేను వానకోయిలను అప్పగించాను. చలికాలమంతా అది కరెంటు తీగల మీద బారులు తీరి కూర్చుంటుంది, పొలం మీద ఎగురుతూ దోమల్నీ పురుగుల్నీ పట్టుకుంటుంది. దాన్ని గుర్తుపట్టని పిల్లలుండరు. బడి ముందు తీగ మీద ఎన్ని ఉన్నాయో రోజూ ప్రార్థనకు ముందు లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయాలి. ఒక్కటీ లేకపోతే 'లేవు' అని రాయాలి. మొదట్లో పిల్లలు ఆ రోజు గడి ఖాళీగా వదిలేసేవారు. ఖాళీ గడి అంటే చూడలేదని అర్థం, 'లేవు' అంటే చూశాం, కనబడలేదని అర్థం అని చెప్పాను. ఇప్పుడు 'లేవు' అని రాసేవాళ్లలోనే పట్టుదల ఎక్కువ.

మార్చి, ఏప్రిల్ నెలల్లో మీ ఊరి చెరువు దగ్గర, మీ మేడ మీద, మీ పొలం గట్టున ఒక పిట్టను ఎంచుకోండి. రోజుకు ఒక్కసారి చూసి తేదీతో రాయండి. కనబడకపోయినా రాయండి, ఇంకో పదిహేను రోజులు ఆపకండి. అప్పుడు అది మీ ఊరు విడిచి వెళ్లిన తేదీ మీ చేతిలో ఉంటుంది. పదేళ్ల తర్వాత ఆ తేదీ ముందుకు జరిగిందా, వెనక్కి జరిగిందా, అసలు పిట్టే రావడం మానేసిందా అని అడిగేవాళ్లకు జవాబు మీ దగ్గరే దొరుకుతుంది. ఆ జవాబు దివిసీమ నుంచి రావాలంటే దివిసీమవాళ్లే రాయాలి, బందరు నుంచి రావాలంటే బందరువాళ్లే రాయాలి.