వసారాకు రేకుల ఎంపిక

ఇంటి ముందరి వసారా చిన్నది. పదియడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న చాలును. పిల్లలు చదువుకొనుటకును, పెద్దలు మధ్యాహ్నము నడుము వాల్చుటకును అదియే చోటు. తాటాకు కప్పు శిథిలమైన పిదప లోహపు రేకు వేయింపదలచిన గృహస్థు అంగడికి పోయి, "ఏ రేకు చవక?" అని అడుగుట సహజమే. అంతకుముందు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. వానిని గూర్చి ముచ్చటింతము.

ఇనుప రేకును గాడులుగా మలచు పద్ధతికి 1829లో లండను నగరమున హెన్రీ రాబిన్సన్ పామర్ అను ఇంజనీరు పేటెంటు పొందెను. పలుచని రేకునకు ఆ గాడులే బలము. మడతలు పెట్టిన కాగితము నిలిచినట్లే ఇదియు నిలుచును. 1837లో ఫ్రాన్సు దేశమున స్టానిస్లాస్ సోరెల్ ఇనుమునకు జింకు పూత వేయు విధానమునకు పేటెంటు పొందెను. ఈ రెండును కలిసినవే మన ఊళ్ల జింకు రేకులు.

జింకు ఇనుమును కప్పి యుంచుటయే గాక, గీత పడినచోట తాను ముందుగా క్షయించి ఇనుమును కాపాడును. కనుక రేకు ఆయువు పూత మందమునుబట్టి యుండును. చదరపు మీటరుకు రెండు ప్రక్కలను కలిపి 275 గ్రాముల పూత యన్నచో, ఒక్కొక్క ప్రక్క మిల్లీమీటరులో ఏబదియవ వంతు మందము. 120 గ్రాముల పూతలో అందు సగమైన నుండదు. క్రొత్తలో రెండును ఒకే తీరున మెఱయును. తేడా కొన్నియేండ్లకు గాని తెలియదు.

రెండవ రకము అల్యూమినియము, జింకు కలిపిన పూత గలది. 1972లో అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. పూతలో నూటికి 55 పాళ్లు అల్యూమినియము, మిగిలినది చాలవఱకు జింకు. మామూలు ఇండ్లకు ఇది జింకు రేకుకంటె ఎక్కువకాలము మన్నును. అయితే తడి సిమెంటు తగిలిన పూత చెడును. పశువుల కొట్టమునకు తగదు.

మూడవది అల్యూమినియపు రేకు. బరువు ఉక్కులో మూడవ వంతు. ఎఱ్ఱని తుప్పు పట్టదు. కాని మెత్తనిది, కొబ్బరికాయ పడిన సొట్టపోవును. ఎండకు ఉక్కుకంటె రెండింతలు వ్యాకోచించును గనుక మేకు రంధ్రములు కొంత వదులుగా నుండవలెను. సముద్రతీరమున మామూలు ఇనుప బోల్టులతో బిగించిన ఆ చోట్లనే రేకు తినివేయబడును.

మందమును గేజిలో గాక మిల్లీమీటరులలో అడుగుట మేలు. గేజి సంఖ్య పెరిగినకొలది రేకు పలుచనగును. ఈ సంగతి తెలియక మోసపోవువారు కలరు. చెప్పిన మందము రంగుతో కలిపియా, లేక ఉక్కు మాత్రమేనా యనియు అడుగవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది గాలి. వసారా మూడు ప్రక్కల తెరచి యుండును. గాలి క్రిందినుండి ఎత్తును, పైనుండి లాగును. భారతీయ ప్రమాణముల ప్రకారము విశాఖపట్టణపు ప్రాంతమున కట్టడములకు మూలమైన గాలి వేగము సెకనుకు 50 మీటర్లు. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువునకు సమానము. అరమిల్లీమీటరు ఉక్కురేకు బరువు చదరపు మీటరుకు ఐదు కిలోలకు మించదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరమును తాకినది. అట్టి గాలిలో ఎగిరిన రేకు కత్తివంటిది. అది పోయి పడునది పొరుగువాని యింటిపై. కావున చూరు అంచున కొక్కెపు బోల్టులు దగ్గర దగ్గరగా వేయింపుడు. బోల్టు గాడి పల్లమున గాక మిట్టమీద, క్రింద తారు వాషరుతో నుండవలెను. స్తంభపు మొదలు కాంక్రీటులో పాతింపుడు. ఇచ్చట ఆదా చేయదగదు.

వాలు అడుగుకు రెండంగుళములైన చాలును. ఐదడుగుల వెడల్పునకు పదియంగుళములు. గోడనుండి చూరువఱకు ఒకే రేకు వేసినచో అడ్డపు అతుకు తప్పును. ప్రక్క అతుకున ఒకటిన్నర గాడులు ఒకదానిపై నొకటి పడవలెను. గోడను రేకు కలియుచోట లోహపు పట్టీని గోడలోని గాడియందు దూర్పనిచో వాననీరు లోనికి దిగును.

తెచ్చిన రేకుల కట్టను వానలో నుంచరాదు. నడుమ తడి నిలిచి తెల్లని పొడి పట్టును. రాపిడి చక్రముతో గాక కత్తెరతో కోయింపుడు. రవ్వలు పడినచోట తుప్పు మొదలగును. వేసవి వేడిమికి తెల్లని రంగు రేకు కొంత ఉపశమనము.

కాగా, సముద్రపు గాలి సోకని ఊళ్లలో 275 గ్రాముల జింకు రేకు గాని, అల్యూమినియము కలిసిన పూతరేకు గాని చాలును. తీరమున రంగు వేసిన పూతరేకు, లేదా తగిన బోల్టులతో అల్యూమినియము మేలు. ధర యడుగుటకు ముందు పూత యెన్ని గ్రాములో, ఉక్కు యెన్ని మిల్లీమీటరులో అడుగుడు; రెండును రసీదుపై వ్రాయించుకొనుడు.